గాలికి దారి, దోమకు అడ్డు

మా డెల్టాలో పొద్దుగూకితే ప్రతి ఇంటికీ ఒకటే ఇరకాటం. తలుపులు వేసుకుంటే ఉక్కపోత, తీసిపెడితే దోమలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు ఊరూరికీ నీళ్లు తెచ్చాయి. ఆ నీళ్లే మాకు అన్నం పెట్టాయి. నీటి వెంటే మురుగు కోడులూ, గుర్రపుడెక్క కప్పేసిన బోదెలూ వచ్చాయి. బోదకాలు ఈడ్చుకుంటూ నడిచే పెద్దవాళ్లు నా చిన్నతనంలో ఏ వీధిలోనైనా కనిపించేవారు. దోమకాటుతో వచ్చే ఆ జబ్బు క్రిములు రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్యశాఖవాళ్లు జనం పడుకునే వేళకు వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకెళ్లేవారు. రాజమండ్రిలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ ఉన్నదీ ఈ జబ్బు కోసమే. కాబట్టి కిటికీకి జాలీ కొట్టించుకోవడాన్ని నేను ఇంటి సోకుల్లో లెక్కవేయను.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. అప్పటికింకా చాలామంది చిత్తడి నేలల మీంచి వీచే రాత్రి గాలే జ్వరం తెస్తుందని నమ్మేవారు. 1900లో శాంబన్, లో అనే ఇద్దరు వైద్యులు రోము దగ్గర ఓస్టియా చిత్తడిలో ఒక చెక్క గుడిసె వేయించుకున్నారు. కిటికీలకూ తలుపులకూ తీగజాలీ బిగించి, మలేరియా కాలమంతా అక్కడే ఉన్నారు. క్వినైన్ ముట్టలేదు. పగలు బయట తిరిగి, పొద్దుగూకేలోపు లోపలికి చేరేవారు. రాత్రి కిటికీలు మాత్రం తెరిచే ఉంచేవారు. ఆ చిత్తడి గాలంతా పీల్చినా వాళ్లకు మలేరియా రాలేదు. జాలీ మనకిచ్చే అసలు మేలు అక్కడే తేలింది: రాత్రి కిటికీ తెరుచుకుని పడుకోవచ్చు.

ఈ మాట మనసులో పెట్టుకునే కొట్టుకు వెళ్లాలి. "ఎంత సన్నగా ఉంటే అంత మంచిదండీ" అంటారు అక్కడ. నేనొప్పుకోను. అంగుళానికి ఒకవైపు 18, మరోవైపు 16 పోగులుండే మామూలు జాలీలో కన్ను కాస్త అటూ ఇటూగా 1.2 మిల్లీమీటర్లు. మన ఇళ్లలో దూరే దోమలకు అది చాలు. పోగు మందం కూడా చూడాలి, దాన్ని ఎవరూ అడగరు. పోగు 0.28 మిల్లీమీటర్లుంటే జాలీలో మూడింట రెండు వంతులు ఖాళీయే. అదే పోగు 0.4 అయిందంటే ఖాళీ సగానికి కాస్త పైన మిగులుతుంది. మే నెలలో కరెంటు పోయిన రాత్రి ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. వంటింటి జాలీకి నూనె జిడ్డూ దుమ్మూ పట్టినా అంతే, సబ్బునీళ్లతో కడుగుతూ ఉండాలి.

సార్వా చేలు కోతకొచ్చే రోజుల్లో పచ్చ దీపపు పురుగులు దీపాల చుట్టూ ముసురుతాయి. దోమను ఆపిన జాలీలోంచి కూడా వాటిలో కొన్ని దూరిపోతాయి. ఆ కొద్ది రోజుల కోసం ఏడాదంతా గాలి వదులుకోవడం దండగ. కిటికీ దగ్గరి లైటు ఆర్పేస్తే సరిపోతుంది.

రకం మాటకొస్తే, ఫైబర్ జాలీ చవక, తుప్పు లేదు, కానీ ఎలుక కొరికితే ఆగదు, పిల్లి గోళ్లకు చిరుగుతుంది. గుమ్మం తలుపుకు స్టీలే మేలు. అంతర్వేది, ఉప్పాడ వైపు సముద్రపు గాలికి మామూలు ఇనుప జాలీ నిలవదు. 304 రకం స్టీలు కూడా అక్కడ గోధుమరంగు మరకలు దేరుతుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పును బాగా తట్టుకుంటుంది. రంగు నలుపో ముదురు బూడిదో తీసుకుంటే లోపల్నుంచి వీధి స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లది ఎండకు మెరిసి చూపుకు అడ్డొస్తుంది.

ఇంత చూసి కొన్నా, దోమ వచ్చేది జాలీలోంచి కాదు, పక్కనుంచి. తలుపు కింద వేలెడు సందు, జాలీ లేని వెంటిలేటరు, జరిపే కిటికీల కింది పట్టాలో వాన నీళ్లు పోవడానికి చేసిన కన్నాలు, అన్నీ దానికి దారులే. మన పాత ఇళ్లలో కిటికీ రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. లోపల జాలీని బీడింగుతో మేకులు కొట్టేస్తే గొళ్లేనికి చెయ్యి అందదు. నాలుగు రోజులకు ఇంట్లోవాళ్లే ఓ మూల ఊడదీస్తారు. అక్కడ బందులున్న జాలీ రెక్క చేయించాలి, డబ్బు చాలకపోతే వెల్క్రోతో అంటించేదైనా పెట్టాలి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి జాలీ తలుపు పగలూ మూసే ఉండాలి. దానికి స్ప్రింగు పెట్టించండి.

మరొకటుంది, కొట్టువాడు చెప్పడు. బోదకాలు తెచ్చే దోమ మురుగునీళ్లలో పెరుగుతుంది, సెప్టిక్ ట్యాంకు దానికి పుట్టిల్లు. ట్యాంకు గాలిగొట్టం పైకొసకు గుప్పెడు జాలీ కట్టకపోతే అక్కడ పుట్టినవన్నీ వీధి మీద పడతాయి, మన కిటికీలకు ఎంత ఖరీదైన జాలీ ఉన్నా. నైలాన్ ముక్క చాలు, ఎండకు చివికినప్పుడు మార్చుకోవచ్చు. గొట్టం ఎత్తున ఉంటుంది కాబట్టి కిటికీల పనికి మనిషి నిచ్చెన తెచ్చిన రోజే ఆ పనీ చేయించేయండి, పక్కింటివాళ్ల గొట్టానికి కూడా.