మనమా, మేమా?

మా ఇళ్ళల్లో ఉర్దూ ఉంది. బజార్లో తెలుగు ఉంది. ఇంగ్లీషు మాత్రం ఉద్యోగం పేరు చెప్పుకుని వస్తుంది. గన్నవరం ఎయిర్‌పోర్టులోనో, బెజవాడ షోరూములోనో, అదృష్టముంటే దుబాయ్‌లోనో ఉద్యోగం. అందుకే ఇంగ్లీషు నేర్పుతానంటే మా ఉంగుటూరులో ఏ అమ్మీ అబ్బా కాదనరు. ఆ ఇంగ్లీషులో పిల్లలు ఏం మాట్లాడాలన్న దగ్గరే పేచీ.

కొన్నేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు నేనీ పని చేస్తున్నాను. నేను పేపర్లో రాసుకు బతికే మనిషిని, చదివింది బి.ఎ. ఇంటర్, డిగ్రీ పిల్లలు వస్తారు. సాయిబుల పిల్లలతోపాటు మాలపల్లె పిల్లలూ ఉంటారు. మామిడి కాపు రోజుల్లో మగపిల్లలు సగం మంది రారు. నూజివీడు వైపు తోటల్లో కాపలాకో, కోతకో, గడ్డి పరిచి కాయ సర్దే పనికో పోతారు. పూత చూసి తోటను గుత్తకు పట్టిన వ్యాపారి గాలివానకు ఎలా మునిగిపోతాడో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. తెలిసిందాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే గైడు తెరుస్తారు.

గైడులో సంఘ సమస్యలన్నీ వండి వార్చి ఉంటాయి. ‘డౌరీ ఈజ్ ఎ సోషల్ ఈవిల్’ అని గడగడా అప్పజెబుతారు. ఆ వాక్యంలో అడిగినవాడు లేడు, ఇచ్చినవాడు లేడు, పుచ్చుకున్నవాడు అసలే లేడు. ఎవరికీ సంబంధం లేని చెడు ఏదో ఆకాశంలోంచి ఊడిపడ్డట్టుంటుంది.

‘వియ్’ అని మొదలుపెట్టి చెప్పండి, అన్నానొకరోజు. ఒకమ్మాయి లేచి, ‘సార్, వియ్ అంటే మనమా, మేమా?’ అంది.

తెలుగు చెప్పుకునే మాటే అది. ‘మనం’ అంటే వినేవాడు కూడా మాలో ఉన్నాడు. ‘మేము’ అంటే వినేవాడు బయట ఉన్నాడు. ఇంగ్లీషుకు ఆ తేడా లేదు. కితాబుల ఉర్దూలో కూడా ‘హమ్’ ఒక్కటే. మా ఇళ్ళల్లో మాట్లాడే దక్కనీలో మాత్రం ‘అపన్’ అనే మాట కూడా ఉంది, ‘మనం’లాగా అందర్నీ కలుపుకునేది.

ఆ రోజు బోర్డు మీద రెండు గళ్ళు గీశాం. కట్నం ఏ గడిలోకి? మాలపల్లె కుర్రాడు ‘మనం’ అన్నాడు. 1961 నుంచి కట్న నిషేధ చట్టం ఉంది, అయినా ఏ పేటలో ఆగింది? తోటలో ఆడకూలికి మగకూలి కంటే తక్కువివ్వడం కూడా ‘మనం’లోకే వెళ్ళింది. క్రికెట్ మ్యాచ్ రోజున మీరెవరి వైపు అని అడగడం, పేరు వినగానే అద్దె ఇల్లు లేదనడం, ‘నువ్వు తెలుగు బాగా మాట్లాడతావే’ అని మెచ్చుకోవడం, ఇవన్నీ ‘మేము’లోకి. తెలుగు మా తల్లిభాష కూడా కావచ్చని ఆ మెచ్చుకునేవాళ్ళకి తట్టదు.

ఇంతలో దూదేకుల అమ్మాయి ఒకతె అడిగింది, ‘సార్, మీ మేములో మేమున్నామా?’ వాళ్ళింట్లో ఉర్దూ లేదు. సర్కారు లెక్కలో వాళ్ళు బి.సి-బి. 2007 చట్టం 14 ముస్లిం వర్గాలకి బి.సి-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, సయ్యద్‌లనూ పఠాన్‌లనూ బయట ఉంచింది. కాగితం మీదే ఇన్ని గళ్ళు. పెళ్ళి సంబంధాల దగ్గర ఇంకా ఎక్కువ. నమాజుకి ఒకే వరసలో నిలబడే మేము, పిల్లనిచ్చే దగ్గర వేరువేరు వరసలు కడతాం. దీన్ని కూడా బోర్డు మీద రాశాం.

ఆ తరవాతే గైడులో లేని ఇంగ్లీషు వచ్చింది. ‘మై ఫాదర్ సోల్డ్ టూ బఫెలోస్. దే టేక్ జోడా మనీ. మెహర్ ఈజ్ ఓన్లీ పేపర్.’ వ్యాకరణం కుంటింది, నిజం మాత్రం నిలబడింది. పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి ఇచ్చుకోవలసింది మెహర్. దాన్ని నికానామాలో అంకెగా వదిలేసి, జోడా డబ్బు మాత్రం రొక్కంగా లెక్కపెట్టుకునే మా మగవాళ్ళ గురించి ఇంతకంటే ఏం చెప్పాలి?

వారం తిరక్కుండా పెద్దాయనొకరు వచ్చారు. ‘బేటా, ఇంటి గుట్టు ఇంగ్లీషులో బయటపెట్టడం ఎందుకు? అసలే అందరి కళ్ళూ మన మీదే ఉన్నాయి’ అన్నారు. ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మా ఇంటి ఆడపిల్ల కన్నీళ్ళు మా మీదే రాయిలా వచ్చి పడటం చూశాం. మూడు తలాక్‌ల సంగతే తీసుకోండి. సుప్రీంకోర్టు 2017లో ఆ తలాక్ చెల్లదంది. అసలు చెల్లనిదాన్ని పలికినందుకు 2019 చట్టం మూడేళ్ళ దాకా జైలు పెట్టింది. దాని చుట్టూ దేశమంతా మాట్లాడింది. అందరి నోటా మేము ‘వాళ్ళు’. మా ఆడవాళ్ళు ‘మేము’ అని చెప్పుకున్న మాట ఎంతమందికి వినబడింది?

‘చాచా, మనం చెప్పకపోతే మన గురించి ఇంకొకరు చెబుతారు’ అన్నాను. ఆయన తల ఊపలేదు, కాదనా లేదు.

చదువులో సొంత గోడు కలిస్తే ఏమవుతుందో తెలుగుదేశానికి తెలియనిది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా మీద ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదివారు. ఆ సీతమ్మ మేమే అనుకుని సారా దుకాణం మూయించారు. 1992కి ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధమైంది. ‘మేము’ అని మొదలైన మాట ‘మనం’ అయింది.

నా క్లాసులో ఉద్యమాలేవీ పుట్టలేదు. కొంతమంది ఆడపిల్లలు సొంత వాక్యాలు కట్టుకున్నారు, అంతే. ఉద్యోగం ఇంటర్వ్యూలో అవి పనికిరావచ్చు, రాకపోవచ్చు. పెళ్ళిచూపుల్లో తప్పకుండా పనికొస్తాయి. ఇక మగపిల్లలకి నేనిచ్చే పాఠం ఒక్కటే. ‘డౌరీ ఈజ్ ఎ సోషల్ ఈవిల్’ అనకండి. జోడా డబ్బు తీసుకునేట్టయితే, ఉర్దూలోనో తెలుగులోనో ఇంగ్లీషులోనో, పిల్ల ఎదురుగా నిలబడి ‘నేను తీసుకుంటున్నాను’ అని చెప్పండి. ఆ వాక్యం నోరు దాటి రాకపోతే, డబ్బు కూడా చేతికి రాకూడదు.