నిమిషానికి ఐదు డిగ్రీలు

టొరంటోలో చాలా వీధుల నుంచి సీఎన్ టవర్ కనిపిస్తూనే ఉంటుంది. అది ఎటు కనిపిస్తే సరస్సు అటే ఉన్నట్టని, దారి తప్పితే దాన్ని చూసుకుని నడవమని మా అక్క వచ్చిన రోజే చెప్పింది. అక్కా బావగారూ మిస్సిస్సాగాలో చాలా ఏళ్ళుగా ఉంటున్నారు. సెప్టెంబరు చివర్లో, ఆకాశం నిర్మలంగా ఉన్న ఒక సాయంత్రం చూసి, ఆ టవర్ పైన తిరిగే రెస్టారెంట్‌లో భోజనానికి బయలుదేరదీశారు. పోర్ట్ క్రెడిట్ స్టేషన్‌లో గో అనే రైలెక్కి, సరస్సు ఒడ్డునే సాగి యూనియన్ స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి స్కైవాక్ అనే పైకప్పున్న నడకదారి టవర్ దాకా తీసుకెళ్తుంది.

కింద నిలబడి తలెత్తినప్పుడు ముందు కలిగిన ప్రశ్న, ఇంత ఎత్తు ఎందుకు కట్టారని. 1960లలో టొరంటోలో ఆకాశహర్మ్యాలు వరసగా లేచాయి. వాటి గోడలకు తగిలి టీవీ, రేడియో సంకేతాలు చెదిరిపోయేవి. తెరమీద ఒక బొమ్మ వెనక ఇంకో బొమ్మ నీడలా కనిపించేది. అన్ని భవనాలనూ దాటిపోయే ఒక యాంటెనా కావాల్సి వచ్చింది. కెనడియన్ నేషనల్ రైల్వే సంస్థ తన రైలు పట్టాల స్థలంలో 1973 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టింది. కాంక్రీటు పోసే అచ్చును హైడ్రాలిక్ జాకీలతో కొంచెం కొంచెంగా పైకి లేపుతూ, రోజుకు దాదాపు ఆరు మీటర్ల చొప్పున స్తంభాన్ని పెంచుకుంటూ పోయారు. చివర యాంటెనాను 44 ముక్కలుగా ‘ఓల్గా’ అనే ముద్దుపేరున్న సికోర్స్కీ హెలికాప్టర్ మోసుకెళ్ళి పేర్చింది. ఆరు నెలలు పట్టాల్సిన పని మూడున్నర వారాల్లో అయిపోయింది. 1976 జూన్‌లో జనాన్ని లోపలికి రానిచ్చారు. 553 మీటర్ల ఈ కట్టడం, దుబాయిలో బుర్జ్ ఖలీఫా 2007లో దాన్ని దాటేదాకా, ప్రపంచంలో ఏ ఆధారమూ లేకుండా నిలబడ్డ కట్టడాలన్నిట్లోకీ ఎత్తైనది. సంకేతాల కోసం కట్టిన స్తంభం మీద భోజనశాల పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వాళ్ళకు మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.

గాజు తలుపుల లిఫ్టు 58 సెకన్లలో పైకి చేర్చింది. గంటకు 22 కిలోమీటర్ల వేగం. అంకె చిన్నదే గానీ, అది నిట్టనిలువుగా సాగుతుంటే కాళ్ళ కింద ఊరు జారిపోయింది. చెవులు దిబ్బళ్ళు వేశాయి. లిఫ్టు ఆగేసరికి రోజర్స్ సెంటర్ స్టేడియం తెల్లటి కప్పు మా కింద పరిచినట్టుంది.

రెస్టారెంట్ పేరు 360. నేల నుంచి 351 మీటర్ల ఎత్తులో ఉంది. మొదట్లో దీన్ని టాప్ ఆఫ్ టొరంటో అనేవారు. లోపల నడిమి భాగం కదలదు, కిటికీలూ కదలవు. రెండింటి మధ్య వలయంలా ఉన్న నేల మాత్రమే, బల్లలనూ కుర్చీలనూ మోసుకుంటూ చక్రాల మీద తిరుగుతుంది. అందుకే చేతిసంచీ కిటికీ గట్టు మీద పెడితే అది అక్కడే ఉండిపోతుంది, మనం ముందుకు వెళ్ళిపోతాం. ఇంత బరువును తిప్పడానికి పెద్ద యంత్రం కావాలనుకుంటాం. బరువు సమంగా పంచుకుని, చక్రాలు నునుపుగా దొర్లితే చిన్న మోటారు చాలు. 1962లో సియాటిల్‌లో స్పేస్ నీడిల్ మీద తిరిగే రెస్టారెంట్‌ను ఒక్క హార్స్‌పవర్ మోటారుతోనే తిప్పారు. దాని రూపకర్తల్లో ఒకడైన జాన్ గ్రాహం అంతకు ముందు ఏడాదే హొనొలులులో లా రోండ్ అనే తిరిగే భోజనశాల కట్టాడు. దానికీ ముందే, 1959లో, జర్మనీలోని డోర్ట్‌ముండ్‌లో టీవీ టవర్ మీద ఒకటి తిరగడం మొదలైంది. టెలివిజన్ టవర్లు ఎక్కడ లేస్తే అక్కడికి ఈ సరదా కూడా వెళ్ళింది.

ఇక్కడ ఒక చుట్టుకు 72 నిమిషాలు. అంటే నిమిషానికి సరిగ్గా ఐదు డిగ్రీలు. కూర్చున్నప్పుడు కదులుతున్నామన్న స్పృహే ఉండదు. ఒక భవనం మీద చూపు నిలిపి, అక్కతో రెండు మాటలు మాట్లాడి మళ్ళీ తిరిగి చూస్తే, ఆ భవనం పక్కకు జరిగి ఉంటుంది. అప్పుడు తెలుస్తుంది.

మెనూ మూడు కోర్సుల స్థిర ధర భోజనం. ముందు ఒకటి, నడుమ ఒకటి, చివర తీపి. పైకి వచ్చే టికెట్ కూడా ఆ ధరలోనే కలిసి ఉంది. బావగారు ఒక నియమం పెట్టారు. ముగ్గురం ప్రతి కోర్సుకూ వేరువేరుగా చెప్పాలి, ఒకరి పళ్ళెంలోంచి ఒకరు రుచి చూడాలి. అలా బల్ల మీదికి తొమ్మిది రకాలు వచ్చాయి. మన విస్తట్లో కూడా వరుస ఉంది. పప్పు, కూర, పులుసు, చారు, చివర పెరుగు. కానీ మన దగ్గర అన్నీ ఒకేసారి కళ్ళెదుట ఉంటాయి, వరుసను మన చెయ్యి నడుపుతుంది. ఇక్కడ వరుసను వంటగది నడుపుతుంది. తర్వాతిది వచ్చేదాకా ఎదురుచూడాలి. మామూలు హోటల్లో ఆ ఎదురుచూపు విసుగు పుట్టించేదేమో. ఇక్కడ ఆ ఖాళీని ఊరే నింపుతుంది.

మేం కూర్చున్నప్పుడు బల్ల ఉత్తరం వైపు చూస్తోంది. బ్యాంకుల భవనాలు గుంపుగా నిలబడ్డాయి. వాటిలో రాయల్ బ్యాంక్ ప్లాజా అద్దాలకు నిజమైన బంగారంతో పూత వేశారట. సాయంకాలపు ఎండకు ఆ భవనం మొత్తం రాజుకున్నట్టు మెరిసింది. దాని వెనక, రెండు అరచేతులు ఎదురెదురుగా వంచినట్టున్న సిటీ హాలు. 1965లో తెరిచిన ఆ భవనానికి రూపమిచ్చింది ఫిన్లండ్ దేశస్థుడు విల్యో రెవెల్.

వేడి బ్రెడ్డూ వెన్నా ముగిసేసరికి కిటికీలోకి తూర్పు వచ్చింది. రైలు పట్టాల పాయలు, వాటికి అవతల పాత సారాయి బట్టీల వీధి. 1832లో పుట్టిన గుడర్‌హామ్ అండ్ వర్ట్స్ కంపెనీ కాలం నాటి ఎర్ర ఇటుకల గోడలవి. అప్పుడే మొదటి కోర్సు వచ్చింది. అక్క గుమ్మడి సూపు చెప్పింది. దాన్ని రుచి చూస్తుంటే బావగారు ఈ నేల మీద గుమ్మడికి ఉన్న చరిత్ర చెప్పారు. యూరప్ వాళ్ళు రాకముందు నుంచీ ఇక్కడి హోడెనోషోనీ ప్రజలు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ఒకే మడిలో వేసేవారు. వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటారు. మొక్కజొన్న కాండం చిక్కుడు తీగకు ఊతం, చిక్కుడు వేళ్ళు నేలకు నత్రజని అందిస్తాయి, గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరకుండా కాపాడతాయి. ఇప్పుడు మా కింద ఉన్న నగరం నేల మిస్సిస్సాగా అనే మరో ఆదివాసీ ప్రజలది. 1787లో బ్రిటిష్ వాళ్ళు దాన్ని కొన్నామన్నారు. ఆ పత్రాల్లో లోపాలుండి 1805లో మళ్ళీ రాసుకున్నారు. ఆ లెక్క తేలి, ఆ ప్రజలకు 14.5 కోట్ల డాలర్ల పరిహారం అందేందుకు ఒప్పందం కుదిరేసరికి 2010 వచ్చింది.

“మేం ఉండే ఊరి పేరు వాళ్ళదేరా. రోజూ ఆ పేరు పలుకుతాం, ఎవరిదని ఎప్పుడూ అడగం” అంది అక్క. సూపు గిన్నె ఖాళీ అయ్యాక కూడా ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది.

నేను మసెల్స్ చెప్పాను. నల్లటి చిప్పల్లో ఉండే సముద్రపు జీవాలు. ఇవి ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ నుంచి వచ్చినవి. ఆ దీవి చుట్టూ ఉన్న అఖాతాల్లో తాళ్ళు వేలాడదీసి వీటిని పెంచుతారు. వెల్లుల్లి రసంలో తేలుతున్న ఒక్కో చిప్పా విప్పి తింటుంటే, దక్షిణం వచ్చి కిటికీ నిండా నీళ్ళు పరుచుకున్నాయి.

ఒంటారియో సరస్సును సరస్సనడానికి నోరు రాదు. దాదాపు 19 వేల చదరపు కిలోమీటర్ల నీరు. దగ్గరలో టొరంటో దీవులు ఆకుపచ్చ ముద్దల్లా ఉన్నాయి. ఒకప్పుడు అవి ఒడ్డుకు అతుక్కున్న ఇసుకమేటే. 1858లో వచ్చిన తుఫాను దాన్ని తెంపేసింది. ఆ దీవుల కొసన ఉన్న బిల్లీ బిషప్ విమానాశ్రయంలో ఒక చిన్న విమానం దిగింది. విమానం వీపును పైనుంచి చూస్తూ భోజనం చెయ్యడం నాకు అదే మొదలు. సరస్సుకు ఆవలి ఒడ్డు ఒక నీలి గీతలా కనిపించింది.

“అదే నయాగరా ద్వీపకల్పం. గాలి బాగా తేటగా ఉన్న రోజు జలపాతం పైన లేచే తుంపర కూడా కనిపిస్తుంది బావా” అన్నారు బావగారు. నేను కళ్ళు చికిలించి చూశాను. ఆ రోజు గీత మాత్రమే దొరికింది.

నడిమి కోర్సు వచ్చేసరికి బల్ల పడమటికి తిరిగింది, సూర్యుడు సరిగ్గా అప్పుడే దిగుతున్నాడు. 1813లో అమెరికా సైన్యంతో యుద్ధం జరిగిన ఫోర్ట్ యార్క్ గడ్డిమైదానం ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య చిన్న చాపలా ఉంది. దూరంగా మిస్సిస్సాగాలో నడుము తిప్పినట్టు కట్టిన రెండు టవర్లు. “అదిగో మా ఇంటి వైపు” అని అక్క వేలు పెట్టి చూపించింది, ఆ ముఖంలో చిన్నపిల్ల సంబరం.

అక్క పళ్ళెంలో కూరగాయల కింద పరిచిన మైసూరు పప్పు చూసి నాకు ఆశ్చర్యమేసింది. కెనడాలో ఈ పప్పుధాన్యంలో అత్యధిక భాగం సస్కాచువాన్ రాష్ట్రంలో పండుతుంది. దీన్ని విదేశాలకు అమ్మడంలో ప్రపంచంలో కెనడాదే మొదటి స్థానం, కొనేవాళ్ళలో మన దేశం పెద్దది. మన కిరాణా కొట్లో ఎర్రపప్పు, మైసూరు పప్పు అని అడిగి తెచ్చుకునేదాంట్లో కొంత ఈ మైదానాల నుంచి ఓడెక్కి వచ్చినదే. ఇక్కడ దాన్ని మెదపకుండా, గింజ గింజగా, నిమ్మరసంతో వడ్డించారు. పోపు లేకపోయినా పరాయిగా అనిపించలేదు.

నా పళ్ళెంలో ఆర్కిటిక్ చార్. భూమి మీద మంచినీటి చేపల్లో అన్నిటికంటే ఉత్తరాన బతికేది ఇదే. సాల్మన్ కంటే మెత్తన, రుచి కొంచెం నెమ్మది, చర్మం కరకరలాడుతోంది. బావగారి కోడిమాంసం వేపుడు కూడా బాగుంది గానీ, ఆ రాత్రి నన్ను పట్టుకున్నది ఆ చేపే. ఇక్కడే నాకొక సంగతి తట్టింది. ఎంత ఎత్తుకెక్కినా కిటికీకి ఒక హద్దుంది. సస్కాచువాన్ మైదానాలు, అట్లాంటిక్ దీవి, మంచు సముద్రపు అంచు ఏ టవర్ మీంచీ కనపడవు. కిటికీ ఆగిపోయిన చోటు నుంచి పళ్ళెం మొదలైంది. ఊరిని కళ్ళు చూస్తుంటే, దేశాన్ని నాలుక తెలుసుకుంటోంది.

ఉత్తరం మళ్ళీ వచ్చేసరికి చీకటి పడి, బంగారపు అద్దాల భవనం ఇప్పుడు లోపలి దీపాలతో వెలుగుతోంది. ఒకే దృశ్యాన్ని పగలూ రాత్రీ ఒకే కుర్చీలోంచి చూడటం ఈ రెండో చుట్టు ఇచ్చిన కానుక. వడ్డించే అమ్మాయి ఎక్కడా తొందరపెట్టలేదు. మా పళ్ళేలు తీసేముందు ప్రతిసారీ అడిగింది, ప్రతి వంటకం ఎక్కడి సరుకో ఓపిగ్గా చెప్పింది.

తీపి కోర్సులో అక్కకు మేపుల్ సిరప్ వేసిన బటర్ టార్ట్ వచ్చింది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే వసంతారంభపు రోజుల్లో మేపుల్ చెట్టుకు చిన్న బెజ్జం పెట్టి రసం పడతారు. దాదాపు 40 లీటర్ల రసం మరిగిస్తే ఒక లీటరు సిరప్ అవుతుంది. తాటిబెల్లం కాచేవాళ్ళకు ఆ శ్రమ వేరే చెప్పనక్కర్లేదు.

నేను జున్నుముక్కలతో పాటు ఒక చిన్న గ్లాసు ఐస్‌వైన్ చెప్పాను. ద్రాక్షను కోతకాలం దాటినా తీగ మీదే వదిలేస్తారు. చలి సున్నాకు దిగువన ఎనిమిది డిగ్రీలకైనా చేరాకే కోయాలని ఒంటారియో నియమం. గడ్డకట్టిన పండును అలాగే పిండితే నీరు మంచుగా లోపలే ఉండిపోయి, చిక్కటి తీపి రసం మాత్రం బొట్లుబొట్లుగా దిగుతుంది. ఇంత చలిదేశంలో ద్రాక్ష ఎలా బతుకుతుందని అడిగితే బావగారు చీకట్లోకి చూపించారు. వేసవి వేడిని సరస్సు దాచుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది. నయాగరా ఒడ్డున ఉన్న కొండగట్టు ఆ గాలిని ఆపి తోటల మీదికి తిప్పుతుంది. మేం మాట్లాడుతుండగానే బల్ల దక్షిణానికి చేరింది. పగలు నీలి గీతగా కనిపించిన ఆవలి ఒడ్డు ఇప్పుడు సన్నటి దీపాల వరుస. ద్రాక్ష పండిన నేల ఎదురుగా ఉంది, దాన్ని పండించిన నీళ్ళు మధ్యలో ఉన్నాయి, ఆ రెండూ కలిసిన తీపి నా నాలుక మీద ఉంది. ఆ గుక్కతో నాకు ఆ భోజనం మొత్తం అర్థమైంది.

వెళ్ళదలచినవాళ్ళకు రెండు మాటలు. సూర్యాస్తమయానికి గంట ముందు బల్ల దొరికేలా వారాల ముందే బుక్ చేసుకోండి. రెండు చుట్లకు సరిపడా సమయం పెట్టుకోండి. ఒక్క చుట్టుతో లేస్తే సగమే చూసినట్టు. శాకాహారమైతే ముందే చెప్పండి. ఫోటోలు మొదటి పది నిమిషాల్లో తీసేసుకుని ఫోన్ లోపల పెట్టేయండి.

తిరిగే రెస్టారెంట్లంటే ఎత్తుకే డబ్బు, తిండికి కాదు అన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. ఎత్తును మాత్రమే నమ్ముకున్న చోట అది నిజం కావచ్చు. ఇక్కడ పళ్ళెంలోని ప్రతిదానికీ ఒక ఊరుంది, ఆ ఊరి పేరు గర్వంగా చెప్పేవాళ్ళున్నారు. మనకూ ఆ సంపద తక్కువేం లేదు. గోదావరిలో ఎదురీదే పులస, నూజివీడు మామిడి, కోనసీమ కొబ్బరి, గుంటూరు మిరప, తెలంగాణ జొన్న, అరకు కాఫీ. అతిథి ముందు విస్తరి వేసినప్పుడు ఏది ఏ నేలదో, ఎవరు పండించారో కూడా వడ్డిస్తే బాగుంటుంది. దానికి టవర్ అక్కర్లేదు. వడ్డించేవాళ్ళకు తెలిసుండాలి, తినేవాళ్ళు కాసేపు కూర్చోవాలి.