పన్నెండు దగ్గర ఎర్ర దీపం

వేసవి సెలవుల గురించి గోడపత్రికకి రాయమని తెలుగు మాస్టారు నాకు ఈ కాగితం ఇచ్చి వారం దాటింది. అందరూ తీర్థాలు, పెళ్ళిళ్ళు, సినిమాలు రాసేశారు. నేను ఆ సెలవుల్లో ఒక కంప్యూటరు చేశాను. నవ్వకండి. దానికి తెర లేదు, మీటలు లేవు. నోటుపుస్తకంలో సగమంత బోర్డు, దాని మీద నాలుగైదు చిప్పులు, ఎనిమిది చిన్న దీపాలు, అంతే. అయినా అది కంప్యూటరే. ఎలాగో చెబుతాను.

మా అన్నయ్య శ్రీకాకుళంలో ఎలక్ట్రానిక్సు డిప్లమా చదివి, ఇప్పుడు అరసవల్లిలో ఒక టీవీ రిపేరు షాపులో పనిచేస్తున్నాడు. సూర్యనారాయణ స్వామి గుడికి వెళ్ళే దారిలో మేడ మీద గది. తొమ్మిదో తరగతి పరీక్షలవగానే నేను సీతంపేటలో బస్సెక్కి, పాలకొండ మీదుగా అన్నయ్య దగ్గరకి వెళ్ళిపోయాను. పగలంతా షాపులోనే ఉండేవాణ్ణి. షాపు బాబాయ్ దగ్గర ఒక గోనెసంచి నిండా పాత బోర్డులున్నాయి. ఎవరో పనికిరావని అమ్మేస్తే తూకానికి కొన్నాడట. అందులో నలభై కాళ్ళ జెర్రిలాంటి చిప్పు ఒకటి దొరికింది. దాని మీద 8085 అని ఉంది.

అన్నయ్య దాన్ని చూసి, చాలాకాలం తర్వాత చుట్టాన్ని చూసినట్టు సంబరపడ్డాడు. డిప్లమాలో వాళ్ళు చదువుకున్నది దీన్నేనట. ఇంటెల్ కంపెనీ 1976లో తెచ్చిన మైక్రోప్రాసెసరు అది. పేరు చివరనున్న 5, ఐదు వోల్టుల కరెంటు ఒక్కటే చాలని చెప్పే గుర్తు. దీని లోపల ఉన్న ట్రాన్సిస్టర్లు సుమారు 6,500. ఇప్పటి సెల్‌ఫోను చిప్పులో వందల కోట్లు ఉంటాయి.

"మరి ఈ ముసలిదాంతో ఏటి సేస్తావురా? సెల్లులో అన్నీ ఉన్నాయి గదా!" అన్నాడు బాబాయ్. నాకు జవాబు తోచలేదు. ఇప్పుడైతే చెప్పగలను. సెల్లు మూత విప్పినా లోపల ఏం జరుగుతోందో మనకి కనపడదు. దీనికైతే ప్రతి తీగా మన చేత్తో మనమే కలపాలి. ఏ తీగ ఎందుకో తెలిస్తేనే అది పనిచేస్తుంది.

మా అమ్మ జీడిపిక్కలు అమ్మిన డబ్బులో ఐదు వందలు నాకు కొత్త బూట్లకని ఇచ్చింది. వాటితో చుక్కల బోర్డు, చిప్పులు పెట్టే సాకెట్లు, క్రిస్టలు, తీగలు, దీపాలు కొన్నాను. అందుకే ప్రార్థనలో నా బూట్లు చూసి మీరంతా నవ్వారు. కారణం ఇదీ.

ఈ చిప్పుకి కావలసినవి చాలా తక్కువ. తాళం వేయడానికి ఒక క్రిస్టలు. చేయవలసిన పని రాసి ఉంచడానికి ఈప్రామ్ అనే జ్ఞాపకాల చిప్పు. మధ్యలో 373 అనే ఇంకో చిప్పు. ఇదెందుకంటే, 8085 ఎనిమిది కాళ్ళని రెండు పనులకి వాడుతుంది. ముందు ఆ కాళ్ళ మీద చిరునామాలో సగం పంపుతుంది, వెంటనే అదే దారిన సరుకు తెచ్చుకుంటుంది. చిరునామా పోకుండా పట్టుకుని నిలబడేది ఈ 373. ర్యామ్ మేం పెట్టలేదు. 8085 లోపల ఏ, బి, సి, డి, ఇ, హెచ్, ఎల్ అని ఏడు చిన్న అరలుంటాయి. వాటితోనే సరిపెట్టుకున్నాం. ఐదు వోల్టులకి పాత సెల్ ఛార్జరు చాలింది.

పాత ఈప్రామ్‌లో ఎవరిదో ప్రోగ్రాం ఉండిపోయింది. అది చెరిగితేగాని మాది రాయలేం. దాని నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి అతినీలలోహిత కిరణాలు పడితే లోపలి రాత చెరిగిపోతుంది. చెరిపే దీపం పెట్టె మా దగ్గర లేదు. నేరుగా పడే ఎండలోనైతే వారం పడుతుందని అన్నయ్య పుస్తకంలో ఉంది.

"అరసవల్లిలో ఉండి ఎండకి కరువేట్రా? మేడ మీద పెట్టు!" అన్నాడు బాబాయ్.

మార్చిలోను, అక్టోబరులోను కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు నేరుగా గుడిలో స్వామి పాదాల మీద పడతాయి. చూడడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మే నెల ఎండ మాత్రం మా చిప్పు కిటికీలో పడింది. పొద్దున్నే మేడ మీద పెట్టి, కాకులు ఎత్తుకుపోకుండా కాపలా కాసి, సాయంత్రం తెచ్చేవాణ్ణి. ఏడో రోజు చూస్తే కొంత రాత ఇంకా మిగిలే ఉంది. పదకొండో రోజుకి అంతా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్ అని వచ్చింది. ఖాళీ అయిందన్నమాట.

ఆ ఎఫ్ఎఫ్ అంటే ఏమిటో చెప్పాలి. ఈ చిప్పుకి రాసేటప్పుడు తొమ్మిది తర్వాత పది రాయరు. ఏ అంటే పది, బి అంటే పదకొండు, సి అంటే పన్నెండు. అలా ఎఫ్, అంటే పదిహేను దాకా వెళ్ళి, పదహారుకి 10 అని రాస్తారు. నాతోపాటు షాపులో కూర్చున్న పక్కింటి కుర్రాడు "ఇదేం లెక్క!" అని లేచిపోయాడు. నాకు మాత్రం వింతగా అనిపించలేదు. పది దగ్గర ఆగని లెక్క నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను.

మనలో సవర పిల్లలకి తెలుసు. మిగిలినవాళ్ళ కోసం రాస్తున్నాను. మా మాటలో పన్నెండు అంటే మిగ్గల్. పదమూడు అనాలంటే మిగ్గల్ మీద ఒకటి, మిగ్గల్‌బోయ్ అంటాం. అలా పన్నెండు మీద ఏడు దాకా వెళితే పంతొమ్మిది. ఇరవై అయితే ఒక కుడి. ముప్పై మూడు అంటే ఒక కుడి, ఒక మిగ్గల్, ఒకటి.

నేను మొదట చేరిన బడిలో, మూడో తరగతిలో, పదమూడు చెప్పమంటే "పన్నెండొకటి" అన్నాను. క్లాసంతా నవ్వింది. "కొండలెక్క" అని నాకు పేరు పెట్టారు. ఆ తర్వాత నేను ఎవరి ముందూ మా మాటలో లెక్కపెట్టలేదు. ఇంటికి వెళ్ళినా నాయనమ్మతో తెలుగులోనే లెక్క చెప్పేవాణ్ణి.

ఆ రాత్రి అన్నయ్యతో అన్నాను: "దీనికి మన లెక్క నేర్పుదాం." అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తీశాడు. ఎనిమిది దీపాలు సరిగ్గా సరిపోయాయి. నాలుగు పచ్చ దీపాలు ఒకటి నుంచి పదకొండు దాకా. ఒక ఎర్ర దీపం మిగ్గల్‌కి. మూడు పసుపు దీపాలు కుడిలకి. సెకనుకి ఒకటి చొప్పున లెక్కపెడుతుంది. ప్రోగ్రాం కాగితం మీద రాయడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నయ్య స్నేహితుడి దగ్గర ప్రోగ్రాం ఎక్కించే పెట్టె ఉంటే దాంతో ఈప్రామ్‌లో రాయించి, కిటికీ మీద నల్ల టేపు అంటించాం.

కరెంటు పెట్టాం. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే నాలుగు దగ్గర ఆగింది. చెయ్యి దగ్గరకి తీసుకెళితే చాలు, బిగుసుకుపోయేది. మూడు రోజులు అన్ని అతుకులూ మళ్ళీ వేడి చేశాను. వేలు రెండు చోట్ల కాలింది. "చిప్పు పాతది, పోయి ఉంటుంది, వదిలేయ్" అన్నాడు అన్నయ్య. ఇంకో రెండు రోజుల్లో నేను ఊరెళ్ళాలి. అమ్మకి బూట్లు చూపించలేను, ఇదీ చూపించలేను. ఏడుపొచ్చింది.

ఆ రాత్రి నిద్రపట్టక నలభై కాళ్ళ పటం ముందేసుకుని ఒక్కొక్కటే వేలు పెట్టి చదివాను. ఆరో కాలు పేరు ట్రాప్. అంటే ఉచ్చు. దాన్ని మేం దేనికీ కలపకుండా వదిలేశాం. గాలిలో ఉన్న ఆ కాలు కాస్త అలికిడికే "పిలుపు వచ్చింది" అనుకుంటుంది. అప్పుడు చిప్పు చేస్తున్న పని వదిలి 0024 అనే చోటికి వెళ్ళిపోతుంది. అక్కడ మేం ఏమీ రాయలేదు. ఎండ చెరిపిన ఎఫ్ఎఫే ఉంది. దానికి ఎఫ్ఎఫ్ అంటే "0038కి పో" అని అర్థం. అక్కడా ఎఫ్ఎఫే. ఇక అక్కడే తిరుగుతూ ఉంటుంది. అన్నయ్యని లేపకుండానే, ఒక చిన్న తీగతో ఆ కాలిని భూమికి కలిపాను. కరెంటు పెట్టాను. పదకొండు దాటింది. ఎర్ర దీపం వెలిగింది. చెయ్యి దగ్గర పెట్టినా ఆగలేదు. తెల్లవారేదాకా చూస్తూ కూర్చున్నాను.

మా గూడకి తీసుకెళ్ళి నాయనమ్మ ముందు పెట్టాను. ఏమిటో చెప్పలేదు. ఆమె చదువుకోలేదు. దీపాలు మారుతుంటే పెదవులు కదుపుతూ తనలో తాను లెక్కపెట్టింది. రెండోసారి ఎర్ర దీపం వెలగగానే "మిగ్గల్!" అని గట్టిగా అంది. పసుపు దీపానికి "బొకుడి" అంది. తర్వాత నా వైపు తిరిగి మా మాటలో, "ఇది మన గూడ మనిషేనా?" అని అడిగింది. అమ్మ బూట్ల సంగతి అడగలేదు. "కాళ్ళు జాగ్రత్త" అని మాత్రం అంది.

పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారికి ప్రతి ఆగస్టు 29న మనం దండ వేస్తాం. ఆయన సవర మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు. అంత పెద్దాయన నేర్చుకున్న మాటని నేను ఆరేళ్ళు దాచుకున్నాను.

బోర్డు ఇప్పుడు మన సైన్సు గదిలో కిటికీ పక్క బల్ల మీద ఉంది. వచ్చి చూడండి. తీగలు మాత్రం లాగకండి. తమ్ముళ్ళలో ఎవరైనా పదమూడుకి "పన్నెండొకటి" అంటే నవ్వకుండా నా దగ్గరకి పంపండి. వాడికి కూడా టంకం పెట్టడం నేర్పుతాను.

— పదవ తరగతి విద్యార్థి