ఎండకు దిగే శ్రుతి

ఆళ్లగడ్డలో బస్సు దిగి శిల్పుల షెడ్ల వైపు నడుస్తుంటే ముందు చెవిన పడేది గ్రైండర్ల రొద. అది కాస్త ఆగితేనే ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఒక షెడ్డు ముందు సగం చెక్కిన నంది, గోనెపట్టా కప్పిన గరుత్మంతుడు, నడుం దాకానే తేలిన ఎవరో నాయకుడు. వీళ్ల మధ్య, మొహం నిండా రాతిపొడితో సరస్వతి. ఆమె చేతిలోని వీణ చూసి ఆగాను. అలవాటు కొద్దీ మెట్లు లెక్కపెట్టాను. పద్దెనిమిదే ఉన్నాయి.

"ఇరవై నాలుగు ఉండాలి కదండీ?"

శిల్పి మూతికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగాడు. "ఉండాలమ్మా. రాతిలో అంత సన్నంగా తీస్తే ఒక మెట్టు పెచ్చు లేచినా బొమ్మంతా పోయినట్టే. అందుకే ఎడం పెట్టి తక్కువ తీస్తాం." నా భుజానున్న వీణపెట్టె వైపు చూసి నవ్వాడు. "మీ వీణ సంగతి మీకే తెలియాల. మా వీణకైతే ఎండైనా వానైనా ఒకటే."

ఆ మాట సూటిగా తగిలింది. ముందురోజు రాత్రి నంద్యాలలో నా వీణ పరువు తీసిందో, నేనే దాని పరువు తీశానో ఇంకా తేల్చుకోలేదు మరి.

పెళ్లి రిసెప్షన్. ఆరుబయట, పచ్చిక మీద వేదిక. ఫిబ్రవరిలో నంద్యాల పగలు ఎండలోకి జారుకున్నా రాత్రికి చలిని పూర్తిగా వదిలిపెట్టదు. ఆరున్నరకు శ్రుతి చేసుకుని కూర్చున్నాను. ఏడింటికి వేదిక దీపాలన్నీ వెలిగాయి. వాటి వేడికి తీగలు సాగి, రెండో కీర్తనకే శ్రుతి దిగింది. బిరడాలు తిప్పి సరిచేశాను. ఎనిమిదింటికి పొలాల మీదుగా చల్లగాలి తిరిగింది, తీగలు బిగిసి శ్రుతి పైకెక్కింది. నాలుగు తీగలూ ఒక మాట మీద ఉన్నా సర్దుకోవచ్చు. నా వీణలో సారణి, పంచమం ఉక్కువి. మంద్రం, అనుమంద్రం ఇత్తడివి. వేడికి ఇత్తడి సాగే తీరు వేరు, ఉక్కు సాగే తీరు వేరు. ఎవరి దారి వారిదే. పక్కన ఎలక్ట్రానిక్ తంబురా మాత్రం చలీ వేడీ లేకుండా అదే షడ్జమం పట్టుకుని, నేనెంత పక్కకు జరిగానో ఊరందరికీ చాటింది. నిజానికి వినే వాళ్లు తక్కువే, అప్పటికి భోజనాలు మొదలయ్యాయి. అదొక్కటే ఆ రాత్రి అదృష్టం.

వేసవి అయితే ఇంకో బాధ. వీణ మెట్లు కొయ్యకు మేకులతో బిగించినవి కావు, నల్లటి మైనంలో నిలబెట్టినవి. మేలో నంద్యాల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అలాంటి మధ్యాహ్నం మూసిన కారులో వీణ వదిలి భోజనానికి వెళ్లిన రోజొకటి నాకుంది. తిరిగొచ్చేసరికి మైనం మెత్తబడి మెట్లు వరస తప్పాయి. బొబ్బిలి వాళ్లు పనసమానును ఒకే దుంగగా తొలిచి ఏకాండి వీణ ఎంత ముచ్చటగా చేసినా, ఆ మైనం ముందు అందరి వీణా ఒకటే.

శిల్పికి ఇదంతా చెప్పాను. ఆయన ఫోనులో నాకో బొమ్మ చూపించాడు, అమరావతి శిల్పాలది. అందులో వాయించే ఆమె ఒళ్లో ఉన్నది మన వీణలా లేదు. విల్లులా వంగిన కొమ్ము, దానికి వరసగా తీగలు, మెట్లే లేవు. సముద్రగుప్తుడి బంగారు నాణేల మీద రాజు వాయిస్తున్నదీ ఈ రకమే. వీణ అన్న పేరు ఒకప్పుడు దానిదే. ఇప్పుడు మనం దాన్ని చూస్తే హార్ప్ అంటాం. మన దగ్గర దాదాపు పోయింది, బర్మాలో సౌంగ్ పేరుతో బతికే ఉంది. మైనం బెడద దానికి లేదనుకుని కాసేపు ఈర్ష్య పడ్డాను. కానీ పడమటి దేశాల పెద్ద హార్పుకు 47 తీగలు, అందులో చాలావరకు నరపు తీగలు. గాలిలో తేమ మారితే చాలు, అవి తెగుతాయి. తోటలో పెళ్లికి పిలిస్తే అక్కడి వాద్యకారులు నీడ ఉందా, పైకప్పు ఉందా అని ముందే షరతు పెట్టుకుంటారట. నేను మాత్రం భోజనం ఎన్నింటికని అడిగి ఒప్పుకుంటున్నాను.

"పారువేట పల్లకి ఈ పొద్దు దగ్గర పల్లెలోనే ఉండాదమ్మా. పోయి చూడండి, వాళ్లు నెలన్నరగా బయటే వాయిస్తాండారు" అన్నాడు శిల్పి.

పారువేటకు అహోబిలం స్వామి కనుమ నాడు కొండ దిగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడినవాడు గనుక ఈ పల్లెలన్నీ అత్తవారి ఊళ్లే. తన కల్యాణానికి రమ్మని ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల వేళకు కొండ చేరతాడు. బయల్దేరేటప్పుడు మంచు, తిరిగేసరికి మండే ఎండ. ఇన్నాళ్లూ ఆరుబయటే సంగీతం.

నేను ఆటో దిగేసరికి పదకొండు. డప్పుల వాళ్లు పొద్దున గడ్డిమంట దగ్గర చర్మం కాచుకున్న బూడిద ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు ఆ పని ఎండే చేస్తోంది. వేపచెట్టు కింద నాదస్వరం పెద్దాయన నీళ్లతో పుక్కిలించి పీక తడుపుకుంటున్నాడు. సన్నాయికి దారంతో అయిదారు పీకలు వేలాడుతున్నాయి. పొద్దున చలికి ఒకటి, ఈ వేళకు ఒకటి, మాపటికి ఇంకోటి అని వేళ్లతో విడదీసి చూపించాడు.

"ఎండెక్కితే శ్రుతి దిగదా పెద్దాయనా?"

"దిగదమ్మా, ఎక్కుతుంది. గొట్టంలో గాలి వేడెక్కుతుంది గదా."

నా వీణ కిందికి పోయే ఎండకు ఆయన నాదస్వరం పైకి పోతుందన్నమాట. ఇద్దర్నీ ఒకే పందిట్లో మధ్యాహ్నం కూర్చోబెడితే ఎంత దూరం విడిపోతామో లెక్కేసుకుంటున్నాను. అంతలో ఆయన వెనకనున్న కుర్రాణ్ణి చూపించాడు. వాడి చేతిలో ఒత్తు. పీక ఉన్న గొట్టమే, కాకపోతే ఒక్క స్వరమే పలుకుతుంది.

"నేను ఎక్కితే వాడూ ఎక్కుతాడు. ఇద్దరం ఒకే ఎండలో ఉన్నాం. వినేటోళ్లకు ఏం తెలుస్తాది?"

రాత్రి నా పక్కనున్న ఎలక్ట్రానిక్ తంబురా గుర్తొచ్చింది. అది నాతో పాటు చలిలో కూర్చోలేదు, దీపాల కింద కాగలేదు. సంచిలోంచి దాన్ని తీసి పెద్దాయనకు చూపించాను. తిప్పి తిప్పి చూసి, మీట నొక్కి విని, "మంచిదే, దీనికి జీతం ఇయ్యబళ్లా" అన్నాడు. కుర్రాడు నవ్వలేదు.

పల్లకి లేచింది. పెద్దాయన దారంలోని మూడో పీక బిగించి పెదవులకు ఆనించాడు. అంతకుముందే కుర్రాడు ఒత్తు అందుకున్నాడు.