ఒట్టు తీసి గట్టున పెట్టి

ఎండాకాలంలో చుట్టాలిళ్ళకు ఊరికే వెళ్ళడమనేది ఈ రోజుల్లో ఎవరూ చెయ్యని పని. చేస్తే ఎగాదిగా చూస్తారు. "పెళ్ళికి పిలవడానికొచ్చారా? గృహప్రవేశమా?" అని అడుగుతారు. "ఏమీ లేదండీ, చూసి పోదామని" అంటే నమ్మరు. అప్పు అడగబోతున్నామేమోనని కాఫీలో పంచదార కూడా ఆలోచించి వేస్తారు.

2025 వేసవిలో నేనూ, మా అమ్మా సరిగ్గా అలాగే, ఊరికే బయల్దేరాం.

బయల్దేరదీసింది అమ్మే. ఏప్రిల్ నెలాఖర్లో ఒకనాడు నా గదిలోకి వచ్చి, "మే నెలలో నీకు రాసే పనేమన్నా ఉండాదా?" అంది. నవల సగంలో ఉందన్నాను. "అది యాడికి పోతాది? మనుషులే పోతా ఉండారు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. 2020, 2021 ఆ రెండేళ్ళలో కరోనా మావైపు ముగ్గురిని తీసుకుపోయింది. ఒక్కరి కడచూపుకైనా అమ్మ వెళ్ళలేకపోయింది. ఫోన్లో ఏడ్చి, ఫోన్లోనే ఊరుకుంది.

వెళ్ళవలసిన ఇళ్ళ జాబితా పాలచీటీ వెనకాల రాసి ఉంచింది. మొత్తం పదకొండు. తిరుపతిలో నాలుగు, పాకాలలో ఒకటి, చిత్తూరులో, చుట్టుపక్కల ఆరు. 2022 ఏప్రిల్ 4న మా జిల్లాను విడదీశాక చుట్టాలంతా తలా ఒక జిల్లావాళ్ళయిపోయారు గానీ, అమ్మ లెక్కలో అంతా ఇప్పటికీ ఒకటే జిల్లా. జాబితాను రెండుసార్లు చదివాను. చిన్నమ్మ ఇల్లు లేదు.

"చిన్నమ్మ పేరేదమ్మా?"

"కారులో చోటు చాలదులే" అంది.

చిన్నమ్మ ఇంటికి వెళ్ళడానికీ, కారులో చోటుకూ ఏమిటి సంబంధమో మీరే చెప్పండి. నేను మాత్రం రెట్టించలేదు.

మొదట తిరుపతి. లాడ్జిలో గది తీసుకుందామన్నందుకు అమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "సొంతూరికి పోయి లాడ్జిలో దిగేదా? కొండకు వచ్చినోళ్ళ మాదిరి?" సరే, నా డిగ్రీ స్నేహితురాలి ఇంట్లో దిగాం. తాతయ్యగుంటకు నాలుగు వీధుల అవతల. అవి గంగమ్మ జాతర రోజులు. వీధి మొదట్లో వేపమండలు, ఇంటింటా రాగి అంబలి.

మా తిరుపతి గంగమ్మను ఏడుకొండలవాడి చెల్లెలంటారు. అందుకే జాతరకు కొండమీదినుంచి సారె వస్తుంది. వెనక ఒక పాలెగాడు కనబడిన ఆడపిల్లనల్లా చెరబట్టేవాడనీ, అమ్మవారు పుట్టి పెరిగి ఎదురు తిరిగేసరికి పారిపోయి దాక్కున్నాడనీ, ఆమె రోజుకో వేషం వేసుకుని వెతికి, చివరికి దొరవేషంలో వాణ్ణి బయటికి రప్పించి చంపిందనీ కథ. అందుకనే జాతరలో రోజుకో వేషం కడతారు. మగవాళ్ళు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, మొక్కు తీర్చుకుంటారు.

నా స్నేహితురాలి భర్త బ్యాంకు ఆఫీసరు. గంభీరమైన మనిషి. ఆయనా ఆ ఏడు మొక్కుకున్నారట. పొద్దున్నే గదిలోంచి, "ఇదిగో, కుచ్చిళ్ళు నిలబడడం లేదు, కాస్త రా" అని కేక. పట్టుచీర, సవరం, చేతులకు గాజులు. బయటికొచ్చి అద్దంలో చూసుకుని, "నీ కాసులపేరు కూడా ఇవ్వు" అన్నారు. అది మాత్రం మా స్నేహితురాలు ఇవ్వలేదు. "అది మా అమ్మ నాకిచ్చింది. మొక్కు మీది, గిల్టునగ పెట్టుకోండి" అంది. మధ్యాహ్నానికి ఆయన చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, ఇంత ఎండలో ఈ బరువులు రోజూ ఎలా మోస్తారే మీరు అని సోఫాలో కూలబడ్డారు. మేమంతా నవ్వాం. అమ్మ మాత్రం, "ఒక్క పూట మోసినందుకే తెలిసింది నాయినా, మంచిదే" అంది.

అక్కణ్ణుంచి చిత్తూరు డెబ్భై కిలోమీటర్లు. ఇప్పుడు గంటన్నర ప్రయాణం. నా చిన్నప్పుడు మీటరుగేజి రైల్లో చంద్రగిరి, పాకాల మీదుగా వెళ్ళేవాళ్ళం. చంద్రగిరి కోట కనబడగానే అమ్మ పులిహోర పొట్లాలు విప్పేది. ఈసారి కారులో ఆ కోట ఎప్పుడు దాటిపోయిందో కూడా తెలియలేదు.

చిత్తూరులో మా పెద్దమ్మకు ఎనభై దాటాయి. చూపు మందగించింది గానీ మాట పదునే. భోజనాలయ్యాక అమ్మ కునుకు తీస్తుంటే నన్ను దగ్గరికి పిలిచి, "మీ అమ్మ ఒట్టు సంగతి నీకు తెలుసునా?" అంది. తెలియదు.

తగాదా మాత్రం తెలుసు. తాతయ్య పోయాక 1993లో తోట పంచారు. నేనప్పుడు పదమూడేళ్ళ పిల్లను. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉన్నప్పుడు, 1986లో, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ చట్టం వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ముందే మనకు దక్కిన హక్కు అది. అయితే అందులో ఒక మెలిక. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలు. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు వర్తించదు. అమ్మ పెళ్ళి 1977లో అయింది. చిన్నమ్మ పెళ్ళి 1988లో. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి మామిడితోట, ఒకరికి పసుపు కుంకుమ! 2005లో కేంద్రం చట్టాన్ని సవరించి, పెళ్ళయినా కాకపోయినా కూతుళ్ళందరూ సమానమేనంది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను తిరగదోడడానికి లేదు. మా వాళ్ళది అప్పటికి పదకొండేళ్ళ కిందటి పంపకం.

నాకు తెలియని సంగతేమిటంటే, పంపకం జరిగిన వారంలోనే అమ్మ కాణిపాకం వెళ్ళి, వినాయకుడి ముందు తడిగుడ్డలతో నిలబడి, "నా చెల్లెలి గడప తొక్కను" అని ఒట్టు పెట్టుకుందట. కాణిపాకం చిత్తూరుకు సుమారు 12 కిలోమీటర్లు. మావైపు అబద్ధమాడిన వాణ్ణి పోలీసుస్టేషనుకు రమ్మంటే వస్తాడు గానీ, కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యమంటే జంకుతాడు. అంతటి దేవుడి ముందు పెట్టిన ఒట్టు!

అందుకే కాబోలు, ముప్పై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళలో ఎదురుపడినా "తిన్నావా?" "తిన్నా" తప్ప వాళ్ళ మధ్య మాట లేదు. చిన్నమ్మ ఏటా బస్సులో గంపెడు మామిడిపళ్ళు పంపేది. అమ్మ వాటిని ఇరుగుపొరుగులకు పంచి, తను ఒక్కటి కూడా నోట పెట్టేది కాదు.

"ఒట్టు తీసి గట్టున పెట్టమని చెప్పు మే" అంది పెద్దమ్మ.

చెప్పాను. "అట్టా తీసేదానికి అది చెరువుగట్టు దగ్గర పెట్టిన ఒట్టా?" అని అమ్మ అటు తిరిగి పడుకుంది.

జూన్ వచ్చింది. పదకొండు ఇళ్ళూ పూర్తయ్యాయి. ఇక హైదరాబాదు బయల్దేరదామనుకుంటుండగా టీవీలో మామిడికాయల వార్తలు మొదలయ్యాయి. ఆ ఏడు తోతాపురి విరగకాసింది. కొనేవాడు లేడు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలనీ, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుందనీ ప్రకటించారు. అయినా కాయలు ట్రాక్టర్లలోనే మగ్గిపోతున్నాయి. అమ్మ కాఫీ చల్లారిపోతున్నా అలాగే చూస్తూ కూచుంది. చివరికి, "అది కాయ కోయించిందో లేదో" అంది.

'అది' అంటే ఎవరో నేనడగలేదు. కారు తాళాలు తీసుకున్నాను.

చిన్నమ్మ తోట బంగారుపాళెం దగ్గర. బెంగుళూరు రోడ్డు దిగి మట్టిబాటలో మలుపు తిరిగాక, ఇల్లు ఇంకా రాకముందే అమ్మ కారు ఆపించింది. దిగి తోటలోకి నడిచింది. బావి పక్కన ఉన్న మల్గూబా చెట్టు కిందికి వెళ్ళి నిలబడింది. చిన్నతనంలో బిందెలతో నీళ్ళు మోసి అమ్మే బతికించిన చెట్టట అది.

చిన్నమ్మ కొంగు నెత్తిన వేసుకుని పరుగున వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయింది. "అక్కా, ఇంట్లోకి రా" అనబోయి ఆగిపోయింది. ఒట్టు సంగతి ఆమెకూ తెలుసని నాకప్పుడర్థమైంది. తిరిగి వెళ్ళి నులకమంచం తనే మోసుకొచ్చి చెట్టుకింద వేసింది. "గడప తొక్కననే గదా అన్నావు. తోట తొక్కనన్లేదు గదా" అంది.

సంకటి, ఊరిబిండి, మజ్జిగ అక్కడికే వచ్చాయి. ట్రాక్టరు రెండు రోజులుగా ఫ్యాక్టరీ ముందే ఉందట. కోత కూలి కూడా గిట్టదట. చాలాసేపటికి చిన్నమ్మే కదిపింది.

"ఆ పొద్దు నేను సంతకం పెట్టినాను గానీ, చట్టం నేను రాసినానా అక్కా?"

"నువ్వు రాయలే. అక్కకేదీ అని అడగనూ లే."

చిన్నమ్మ తలొంచుకుంది. "అడిగితే నాక్కూడా లేకుండా చేస్తారని భయపడితిని" అంది.

నేను చెట్టుకేసి చూస్తూ కూచున్నాను. అమ్మ చాలాసేపటికి, "ఈ మాట చెప్పేదానికి ముప్పై రెండేండ్లు పట్టిందా నీకు?" అంది. గొంతులో కోపం లేదు.

ఇంతలో టపటపా చినుకులు. చెట్టుకింద ఆగేలా లేవు. చిన్నమ్మ అక్క చెయ్యి పట్టుకుని దొడ్డిదారిన వంటింటివైపు నడిపించింది. అమ్మ వాకిట్లో కాళ్ళకు అడ్డం పడినట్టు ఆగింది.

"చూడక్కా. పోయినేడు బండలు మార్చినప్పుడు ఆయన మోకాళ్ళ నొప్పులకని ఈ వాకిలికి గడప తీయించేసినా."

అమ్మ వంగి చూసింది. నిజంగానే గడప లేదు. లోపలికి వెళ్ళింది. కాణిపాకం దేవుడు తప్పు పట్టి ఉండడనే అనుకుంటున్నాను.

ఆ రాత్రి అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో చాపమీద కూచుని మల్గూబా పండు కోసుకున్నారు. "రవ్వంత పుల్లగా ఉండాది" అంది అమ్మ. టెంకతో సహా తినేసింది.

వాటా రాలేదు, రాదు కూడా. అమ్మ అడగనూ లేదు. ఇద్దరు ముసలివాళ్ళు పోగొట్టుకున్న ముప్పై రెండు వేసవులను మాత్రం ఏ సవరణా తిరిగి ఇవ్వలేదు. మీకూ ఇలాంటి గడప ఏదైనా ఉంటే, ముందు దొడ్డివాకిలి చూసి రండి.

తిరుగుదార్లో అమ్మ నా చేతిసంచీలోంచి కాగితం అడిగి తీసుకుని, వచ్చే వేసవికి జాబితా మొదలుపెట్టింది. మొదటి పేరు చిన్నమ్మది. కారులో చోటు చాలుతుందా అని నేనడగలేదు. వెనక సీటు నిండా మామిడికాయల గంపలే.