అరుపులు ఆపండి, పిల్లల్ని ఆడనివ్వండి

పదేళ్ళ పిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో పెద్దవాళ్ళ అరుపులు వింటుంటే కడుపు తరుక్కుపోతోంది. ఇక్కడ డాలస్‌లో వారాంతపు ఆటలకు రిఫరీలుగా వచ్చేది చాలాసార్లు హైస్కూల్ పిల్లలే. మొన్న శనివారం ఓ తండ్రి కుర్చీలోంచి లేచి కోర్టు గీత దాకా వచ్చి, "అది ట్రావెల్ కాదా? కళ్ళు పోయాయా?" అని అలాంటి కుర్రాడి మీద విరుచుకుపడ్డాడు. విజిల్ పట్టుకున్న ఆ పిల్లాడి చెయ్యి వణికింది. మా జట్టు కోచ్ ఆపాలి కదా? ఆయనే క్లిప్‌బోర్డు నేలకేసి కొట్టాడు. టెక్నికల్ ఫౌల్ పడింది. ఎదుటి జట్టుకు రెండు ఫ్రీ త్రోలు, పైగా బంతీ వాళ్ళకే. నష్టపోయింది ఆడుతున్న పిల్లలు.

ఆట అయ్యాక రెండు జట్ల పిల్లలూ వరసలో నిలబడి చేతులు కలుపుతారు. మా వైపు ఒకడు చెయ్యి చాపినట్టే చాపి చివర్లో లాగేసుకున్నాడు. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. గంటసేపు వాడు చూసిందేమిటి మరి!

అమెరికాలో హైస్కూల్ ఆటలకు రిఫరీలు కరువవుతున్నారంటే ఈ తిట్లు ఓ పెద్ద కారణం. మన తెలుగువాళ్ళమూ ఇందులో తక్కువేం కాదు. అరిచే పెద్దల్ని, ఎవరైనా సరే, జిమ్ బయటికి పంపమని లీగ్‌వాళ్ళకు మెయిల్ పెట్టాను. మీ పిల్లలూ ఆడుతుంటే మీరూ రాయండి, దయచేసి.