సున్నా కూడా లెక్కే!

తాబేలు అనగానే మనకు గుర్తొచ్చేది కుందేలుతో పందెం. లేదంటే దశావతారాల్లో రెండోది. ఉత్తరాంధ్ర వాళ్లకైతే శ్రీకూర్మం గుడి. అంతే! కథలోనో గుడిలోనో తప్ప, మడిలోనో గెడ్డలోనో తాబేలును చూసినవాళ్లు మన పిల్లల్లో ఎందరు? నిరుడు వేసవిలో డుంబ్రిగుడ మండలంలో ఒక డిగ్రీ విద్యార్థిని వెంట రెండు రోజులు తిరిగాను. అప్పట్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ 2020-21 నుంచి తప్పనిసరి అయింది. చాలామంది ఏ బ్యాంకులోనో, కంప్యూటర్ సెంటర్లోనో రెండు నెలలు గడిపి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఈ అమ్మాయిది జువాలజీ. సొంతూరు ఈ మండలమే. తమ ఊరి చుట్టూ ఉన్న గెడ్డల్లో, ఊటనీరు నిలిచే పల్లపు మడుల్లో తాబేళ్లెన్ని ఉన్నాయో చూసి రాస్తానంది. లెక్చరర్ సరేనన్నారు.

చూడ్డానికి ఇంత తేలికైన పని ఇంకోటి ఉండదేమో! తెల్లారకముందే గట్టు మీద కూర్చోవాలి. మాట్లాడకూడదు, కదలకూడదు. నోటుపుస్తకంలో గళ్లు... టైము, నీటి వేడి, లోతు, మబ్బుందా ఎండుందా, ఎన్ని కనిపించాయి? ఆఖరి గడిలో ఎక్కువగా ఉన్నది సున్నాయే.

‘‘ఏమీ కనపడని రోజు కూడా రాయాలా?’’ అన్నాను.

‘‘రాయాలక్కా. సున్నా కూడా లెక్కే. కనపడిన రోజులే రాస్తే ఇక్కడ బోలెడున్నాయనుకుంటారు’’ అంది.

కనిపించినా పట్టుకోవడానికి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) రక్షణలో ఉన్న జీవిని పరిశోధన కోసం పట్టుకోవాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. అది లేని విద్యార్థి దూరం నుంచి చూడొచ్చు, ఫొటో తీయొచ్చు, ఊళ్లో వాళ్లను అడగొచ్చు. అంతవరకే.

రెండో రోజు మాకు ఒక్కటి కనిపించింది. గెడ్డ మధ్య రాతి మీద, తడి రాయిలాగే ఉంది. మెడ బయటికొచ్చాక గానీ ప్రాణమున్నదని తెలియలేదు. నల్ల తాబేలట. చచ్చిన చేప, కుళ్లిన ఆకు, నాచు... అన్నీ తిని నీటిని శుభ్రం చేసే పాకీపని దానిది. ఎండలు ముదిరితే బురదలో తలదాచుకుంటుంది. పదుల ఏళ్లు బతుకుతుంది. కానీ విడతకు పట్టుమని పది గుడ్లు కూడా పెట్టదు. ఎదిగిన ఆడతాబేలు ఒకటి పోతే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది.

పదుల ఏళ్లు బతికే జీవి సంగతి రెండు నెలల్లో ఏం తేలుతుంది? ఆ అమ్మాయికీ అదే దిగులు. పాత లెక్కలేవీ ఆమెకు దొరకలేదు. అప్పుడు తాత దగ్గర కూర్చుంది. ఆయన ఆదివాసీ ఒడియాలో చెబుతుంటే, నాకు తెలుగులో చెప్పింది. తొలివానలకు దుక్కి దున్నితే నాగలికి తాబేళ్లు తగిలేవట. హుద్‌హుద్ తుపానుకు (2014) ముందే తగ్గిపోయాయట. ఇప్పుడు ఏడాదికొకటి కనిపిస్తే గొప్పట.

‘‘మీరు తినేవారా?’’ అని నేనే అడిగాను.

తాత ఈసారి తెలుగులోనే అన్నాడు... ‘‘తిన్నాం. ఇంటికొకటి. బస్తాలకెత్తి అమ్మలేదు.’’

ఆ మాటకు అర్థం తెలియాలంటే పేపర్లు తిరగేస్తే చాలు. గోదావరి జిల్లాల చెరువుల్లో పట్టిన తాబేళ్లను బస్తాల్లో కుక్కి ఒడిశా వైపు తరలిస్తూ దొరికిపోయిన వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. 2022లో చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. మొదటి షెడ్యూల్లో ఉన్న తాబేలును పట్టి అమ్మితే కనీసం మూడేళ్ల జైలు. అయినా వ్యాపారం ఆగలేదు.

అందుకే ఆ అమ్మాయి రిపోర్టులో ఊళ్ల పేర్లు లేవు. గెడ్డల పేర్లూ లేవు. ‘ఒకటో చోటు, రెండో చోటు’ అని మాత్రమే ఉంటుంది. అసలు పేర్ల కాగితం లెక్చరర్ దగ్గర విడిగా ఉంది. పేర్లు లేకపోతే మార్కులు తగ్గుతాయేమోనని స్నేహితులు భయపెట్టారట. ‘‘తగ్గితే తగ్గనీ అక్కా. పేర్లు రాస్తే ముందు చదివేది తాబేళ్లను అమ్మేవాళ్లే’’ అంది.

ఎక్కడ, ఎప్పుడు, ఎవరు... ఇవి రాయకపోతే మా వృత్తిలో వార్తే కాదు. అయినా నేనూ ఆ గెడ్డ పేరు రాయడం లేదు.

ఒక పుస్తకంలో సున్నాలు, ఒక ముసలాయన జ్ఞాపకం. ఆ రెండూ పక్కపక్కన పెడితేనే ఏం పోయిందో తెలిసింది. తాత చెప్పింది కాగితం మీదికి ఎక్కకపోతే, ఇక్కడ తాబేళ్లు ఎప్పుడూ ఇంతేనని రేపటి పిల్లలు అనుకునేవారు. ఈ వేసవిలో ఆ పుస్తకం జూనియర్ చేతికి వెళ్లింది. అవే చోట్లు, అవే గళ్లు.

మీ ఊరి చెరువులో తాబేలు ఆఖరిసారి ఎప్పుడు కనిపించిందో ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి. ఏ ఏడాదో గుర్తులేకపోయినా ఫర్లేదు. ఎవరి పెళ్లప్పుడో, ఏ తుపానప్పుడో చెబుతారు. తారీఖు వేసి రాసిపెట్టుకోండి. చెరువు పేరు మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి.